జైనూరులో బూజుకు తోడేసిన వైనం

జైనూరు చూడని వాళ్లకు ముందు ఒక మాట చెప్పాలి. వానాకాలం మొదట్లో అక్కడ మబ్బు ఆకాశంలో ఉండదు, వాకిట్లో ఉంటుంది. పొద్దున్నే తలుపు తీస్తే మనకంటే ముందు అదే ఇంట్లోకి వస్తుంది. పొయ్యి దగ్గర కాసేపు కూర్చుని, చెప్పకుండా పోతుంది.

నేను వెళ్లింది ఊరు చూడటానికి కాదు. పని లేకుండా ఊళ్లు తిరిగే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు, నేను ఉండనివ్వలేదు. మా చెల్లె సుశీల కబురు పంపింది కాబట్టి వెళ్లాను. జమ్మికుంటకు విత్తనాల కోసం వచ్చిన జైనూరు మనిషి ఒకాయన మా వాకిట్లో నిలబడే ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"అవ్వా, మీ చెల్లె సరిగ అన్నం తింటలేదు. మామిడి మొక్కలను సెదలు తింటున్నయి. మీ మరిది పుట్టను గడ్డపారతోని తవ్వి మందు పోస్తనంటుండు. పోస్తే నేను మా అక్కింటికి పోత అంటున్నదామె."

ఆ పుట్ట సంగతి నాకు తెలుసు. సుశీలకు పెళ్లయిన కొత్తలో కడుపు నిలిచేది కాదు. చేను పక్క గూడెంలో ఉండే సోంబాయి అనే గోండు ఆమె, చేనులో పుట్టకు పాలు పోసి మొక్కుకోమని చెప్పింది. ఆ తర్వాత పుట్టిందే నాగమణి. ఇప్పుడా నాగమణి ఉట్నూరులో అత్తగారింట్లో ఉంది, నీళ్లు పోసుకుని అయిదు నెలలైంది. కడుపుతో ఉన్న బిడ్డను పెట్టుకుని ఏ తల్లి ఆ పుట్ట మీద గడ్డపార పడనిస్తుంది?

అట్లాగని మా మరిది రామచంద్రం చెడ్డవాడని కాదు. ఆ గుట్టవాలు చేనులో మామిడి మొక్కలు పెట్టి, రెండు ఎండాకాలాలు వాగు నుంచి కావడితో నీళ్లు మోసి బతికించాడు. కావడి బద్ద ఒరుసుకుని భుజం కాయ కాసింది. అట్లాంటి మొక్కలు మట్టి తొడుగు తొడుక్కుని ఒక్కొక్కటే ఎండిపోతుంటే చూస్తూ కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు?

వాళ్లిద్దరికీ బుద్ధి చెప్పడానికి వట్టి చేతులతో వెళ్లలేదు. జమ్మికుంటలో పద్మ అనే వ్యవసాయం చదివిన పిల్ల ఉంది. నిరుడు మా పల్లి చేనుకు చెదలు పడితే బూజుతో ఆపింది. బూజు అంటే మామూలు బూజు కాదు, చెదపురుగు ఒంటికి పట్టే బూజు. పురుగు దాన్ని తాకితే చాలు, చర్మంలోంచి లోపలికి వేరు దించి, పురుగునే నేల చేసుకుని మొలుస్తుందట. మనిషికి, గొడ్డుకు, కోడికి ఏమీ కాదు. పద్మ దాన్ని ఉడికించిన నూకల మీద పెంచుతుంది. నేను అడగ్గానే ఒక కాగితం పొట్లం కట్టి ఇచ్చింది.

"సల్లగ ఉంచాలె అవ్వా. పెంట ఎరువుల కలిపి పొద్దుగూకినంక మొక్క మొదట్ల వెయ్యి. పుట్టను ముట్టుకునే పని లేదు."

"మరి పుట్టల ఉన్నయన్ని సస్తయా?"

"అన్ని సావయి. దీని వాసన తగిలితె మిగిలినయి గా దిక్కు రావు. సచ్చినదాన్ని మట్టిల పూడ్సి తొవ్వ మూసుకుంటయి."

నాకు కావలసిన మాట అదే. పాత ధోవతి చింపి పొట్లాన్ని మూట కట్టుకుని, బట్టసంచిలో పెట్టుకుని బయలుదేరాను.

గోదావరి మీద

జమ్మికుంటలో ప్యాసింజరు బండి ఎక్కాను. నా ఎదుట ఇనుప పెట్టె మీద కూర్చున్న ఆమె పేరు జైనబ్ బీ. కాగజ్‌నగర్‌లో బిడ్డ దగ్గరికి పోతోంది. పెద్దపల్లి దాటేదాకా నా మూట వంక చూస్తూనే ఉంది, చివరికి ఉండబట్టలేక అడిగింది.

"ఏందమ్మా గది, గంత పట్టుకొని కూసున్నవ్? బంగారమా?"

"బూజు."

"క్యా?"

"బూజు వట్టిన నూకలు."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కడుపు పట్టుకుని నవ్వింది. "యా అల్లా! మేము బూజు వడితె పారేస్తం. నువ్వు టికెట్ కొని ఊరికి తీస్కపోతున్నవా?"

"టికెట్ నాకే కొన్న. దానికి కొనలే."

అక్కడి నుంచి మా ఇద్దరికీ స్నేహం కుదిరింది. నేను సర్వపిండి తుంచి ఇచ్చాను, ఆమె నాన్‌ఖటాయి బిస్కెట్టు ఇచ్చింది. సర్వపిండిలో కారం ఎక్కువైందని కళ్లు తుడుచుకుంటూనే ఇంకో ముక్క అడిగింది. చెదల సంగతంతా చెప్తే శ్రద్ధగా విని, "నీ చెల్లె మొగడు పుట్ట తవ్వితె నీ చెల్లె నిజంగనే ఇల్లిడిసి పోతదా?" అని అడిగింది.

"పోతది. మా ఇంటి మొండితనం."

"మరి నువ్వు జల్ది పో, అమ్మా."

రామగుండం దాటాక బండి గోదావరి వంతెన మీదికి వచ్చింది. చక్రాల చప్పుడు మారిపోయింది. అంతదాకా గోలగోలగా ఉన్న రైలు పెట్టె మొత్తం ఎవరో చెప్పినట్టు సద్దుమణిగింది. కింద ఇసుక తిన్నెల మధ్య సన్నటి నీటిపాయలు, ఆరవేసిన చీరలు గాలికి కదిలినట్టు మెరుస్తున్నాయి. అందరూ చిల్లర విసిరారు. నేను విసరను, దండం పెడతాను. నదికి నా పైసలతో ఏం పని? జైనబ్ బీ కూడా తల మీద కొంగు సర్దుకుని నది వైపు చూస్తూ కూర్చుంది. నీళ్ల మీద మా బండి నీడ మాతో పాటే నడిచింది. ఆ నీడలో నేను ఎక్కడున్నానో వెతుక్కున్నాను, దొరకలేదు. అవతలి ఒడ్డు వచ్చాక మళ్లీ గోల మొదలైంది.

ఘాట్ రోడ్డు

ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్లో దిగి, బస్సులో ఆసిఫాబాద్ చేరాను. మనం ఉప్మా తినే వేళకు అక్కడ అటుకులు తింటారు. పోహా అంటారు. పైన పచ్చి ఉల్లిగడ్డ, నిమ్మరసం. రుచి బాగానే ఉంది కానీ కడుపులో నిలవదు. చాయ్ ధర మాత్రం మన దగ్గరికంటే ఎక్కువ. ఎందుకని అడిగాను.

"సామానంత ఘాట్ దాటి రావాలె గద అవ్వా," అన్నాడు హోటలతను.

"ఘాట్ ముంగట ఉన్నది, నువ్వు ఇవతల ఉన్నవు. నీ చాయ్‌పత్తి ఏ ఘాట్ ఎక్కింది?"

బల్లల దగ్గర కూర్చున్నవాళ్లంతా నవ్వారు. అతనూ నవ్వాడు. పైసా తగ్గించలేదు.

కెరమెరి ఘాట్ ఎక్కుతుండగా వాన మొదలైంది. రోడ్డుకు రెండు దిక్కులా టేకు చెట్లు. విస్తరంత పెద్ద ఆకుల మీద వాన పడుతుంటే దూరంగా ఎక్కడో జాతరలో డప్పులు మోగుతున్నట్టుంది. మలుపు తిరిగినప్పుడల్లా కింది లోయ కనబడేది, అంతలోనే మబ్బు మూసేసేది. ఒక మలుపులో బస్సు ఆగిపోయింది, ముందు ఏమీ కనబడటం లేదట. డ్రైవరు బీడీ ముట్టించుకుని తీరిగ్గా కూర్చున్నాడు. ఎవరూ తొందరపడలేదు. కిటికీలోంచి మబ్బు లోపలికి వచ్చి మా మోకాళ్ల మీద కూర్చుంది. పక్కనున్న ముసలాయన నిద్రలో ఎవరితోనో మరాఠీలో మాట్లాడుతున్నాడు. నేనూ ఒక కునుకు తీశాను. మా అమ్మ విసుర్రాయి తిప్పుతున్నట్టు, ఆ పిండి లోయంతా నిండుతున్నట్టు కల వచ్చింది.

చల్లటి చుక్క మెడ మీద పడితే మెలకువ వచ్చింది. బస్సు పైకప్పు కారుతోంది. సరిగ్గా నా సంచి మీదే. మూట విప్పి చూస్తే కాగితం నాని చినిగింది, నూకలు తడిసి ముద్దయ్యాయి.

మా చెల్లె ఇల్లు

ఇంట్లోకి అడుగు పెట్టగానే సంగతి తెలిసిపోయింది. మొగుడూ పెళ్లాలు ఒకరితో ఒకరు మాట్లాడటం లేదు. నేను వచ్చాక మాటలన్నీ నా మీదుగా నడిచాయి.

"అక్కా, జెప్పు ఆయనకు. రొట్టె సల్లారుతున్నదని."

"వదినె, జెప్పండి ఆమెకు. నాకు ఆకలి లేదని."

"నేనేమన్న మీ ఇంటి పోస్టుమేనునా? తిన్నంక పంచాయతి చేస్కోండి," అని ఇద్దరినీ కూర్చోబెట్టాను. జొన్న రొట్టె, పచ్చిమిరపకాయ నూరిన కారం, పెసరపప్పు. మన దగ్గర జొన్నలు తక్కువైపోయాయి, బియ్యం మరిగాము. అక్కడి రొట్టె పెద్దది, మెత్తనిది. రెండు తింటే మళ్లీ పొద్దుగూకేదాకా అడగరు. మిగులుబాటు తిండి.

రామచంద్రం తల దించుకుని తింటూ అన్నాడు. "నాకు పుట్ట మీద కోపం లేదు వదినె. కని మొన్న ఇంకో రెండు మొక్కలు వోయినయి. బెరడు కింద పెన్నుతోని గీసినట్టు తిన్నయి. పున్నం దాటినంక నేను ఎవ్వరి మాట ఇనను."

సుశీల కళ్లలో నీళ్లు తిరిగాయి. "పున్నం దాటినంక నేను గూడ ఎవ్వరి మాట ఇనను," అంది. ఆ మాట మాత్రం నన్ను దాటించి నేరుగా ఆయన మొహం మీదే వేసింది.

ఎండ

మరునాడు పొద్దున వాన వెలిసి ఎండ కాసింది. గుట్టలన్నీ ఇప్పుడే తలంటుకున్నట్టున్నాయి. తడిసిన గింజ ఏదైనా ఎండ కనబడగానే మంచం మీద పోయడం మా అమ్మ నేర్పిన పని. నేను నూకలు తెచ్చి, నులక మంచం మీద చీర పరిచి పలచగా పోశాను. కోళ్లు రాకుండా కర్ర పట్టుకుని కూర్చున్నాను. నడుమ నడుమ చేత్తో తిప్పాను. మధ్యాహ్నానికి గలగలా ఆడాయి. పొట్లంలో ముద్ద కట్టినవి ఎంత చక్కగా విడివిడిగా అయ్యాయో అని సంతోషపడ్డాను.

అప్పుడే సుశీల తొక్కు జాడీ ఎత్తుకుని బయటికి వచ్చింది.

"అక్కా, జర జరుగు. మామిడికాయ తొక్కు మీద తెల్లగ బూజు లేసింది. గీ ఎండకు పెడుత."

"పెట్టు."

"గంటసేపు పెడితె సస్తది గద?"

"గంటెందుకు? బూజు సావాల్నంటె ఎండను మించి..."

చెయ్యి నూకల్లోనే ఉండిపోయింది. నూకలు వేడిగా, పొడిగా, తేలిగ్గా ఉన్నాయి. వాటి మీద పచ్చదనం పోయి బూడిద రంగు తిరిగింది. పొద్దున్నుంచీ కర్ర పట్టుకుని కోళ్ల నుంచి కాపాడి, నేనేం చేశానో అప్పుడు అర్థమైంది. పద్మ 'సల్లగ' అంటే పొయ్యికి దూరంగా అనుకున్నాను.

సుశీల నా మొహం చూసింది, మంచం చూసింది, చేతిలో జాడీ చూసింది. "అక్కా, నువ్వు బూజును ఎండవెట్టినవా?" అంది.

లోపలి నుంచి రామచంద్రం నవ్వు వినబడింది. మొదట చిన్నగా, తర్వాత ఇంటి పెంకులు లేచిపోయేలా. సుశీల కూడా ఆపుకోలేకపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతున్నారు. అంతలో తాము మాట్లాడుకోవడం లేదని గుర్తొచ్చి ఇద్దరూ ఒక్కసారే ఆపేశారు.

"ఇగ అయిపాయె వదినె," అన్నాడు రామచంద్రం. గడ్డపార గోడకు ఆనించి ఉంది. దాని వంక చూశాడు.

తోడు

ఆ పూట నాకు అన్నం సహించలేదు. ఖర్చు పెట్టుకుని, ఘాట్ ఎక్కి వచ్చి, చెల్లె కాపురం మీద ఎండ పోసినట్టయింది. సాయంత్రం నీళ్ల కోసం రంజను దగ్గరికి వెళ్లాను. దాని వెనక చీలకు నా బట్టసంచి వేలాడుతోంది. వచ్చిన రోజు తడిసిందని అక్కడే తగిలించాను, రంజను చెమ్మకు ఇంకా ఆరలేదు. ఉతుకుదామని తిరగేస్తే కుట్ల సందుల్లో నాలుగు నూకలు ఇరుక్కుని ఉన్నాయి. పచ్చగా, మొగలిరేకు మీది పుప్పొడిలాగా.

వేలికి అంటితే దులపలేదు. చాలాసేపు అట్లాగే చూశాను. పెరుగంతా పారబోసుకున్న ఇంట్లో గిన్నె అంచున ఒక చుక్క మిగిలితే ఏం చేస్తాం?

"సుశీలా, ఇంట్ల నూకలున్నయా?"

ఉడికించి, చల్లారబెట్టి, కడిగి ఆరబెట్టిన గాజు సీసాల్లో పోశాము. సంచి కుట్లు విప్పి ఒక్కో సీసాలో ఇంత గీరి వేశాము. మూతికి బట్ట కట్టి, ధాన్యం గుమ్మి వెనక చీకట్లో పెట్టాము. తర్వాత రామచంద్రాన్ని పిలిచాను.

"నీ పుట్ట ఏడికి పోదు, నీ గడ్డపార ఏడికి పోదు. ఇది తోడుకునేదాక ఆగు."

"తోడుకోకపోతె?"

"అప్పుడు నేనే దగ్గరుండి మా చెల్లెను మా ఇంటికి తోల్కపోత. నీకు వంట చేసేటోళ్లు ఎవ్వరుండరు. ఆలోచన చేస్కో."

ఆయన మెడ గోక్కున్నాడు. "అమాస దాక ఆగుత. మీ మొకం చూసి."

ఉసిళ్లు

ఆ తర్వాతి రోజులు ఎట్లా గడిచాయంటే, నాకు ఇప్పటికీ అవి నేను గడిపినవేనా అనిపిస్తుంది. పని లేదు. వాన వచ్చేది, పోయేది. పొద్దున మబ్బు, మధ్యాహ్నం పిట్టల కూతలు, సాయంత్రం టేకు ఆకుల వాసన. కూర్చున్న చోటే కునుకు పట్టేది, లేచి గుమ్మి వెనక్కి వెళ్లి సీసాలు చూసి వచ్చేదాన్ని. ఇంట్లో బూజు రావాలని దేవుడికి దండం పెట్టుకోవడం నా బతుకులో అదే మొదలు.

ఒక సాయంత్రం మసక చీకట్లో సోంబాయి "రామ్ రామ్ బాయీ" అంటూ వచ్చింది. వెనకే ఉసిళ్లు వచ్చాయి. నేలలోంచి రెక్కలు కట్టుకుని పొగలాగా లేచి, దీపం చుట్టూ మూగాయి. సోంబాయి దీపం కింద వెడల్పాటి గిన్నెలో నీళ్లు పెట్టి పట్టింది. రెక్కలు చెరిగి, పెంకు మీద వేయించి, ఉప్పు చల్లి నా ముందు పెట్టింది.

"సెదలకు రెక్కలొస్తెనే ఇవి. తిను బాయీ."

"మా మొక్కలు తిన్నవాటిని నన్ను తినుమంటవా?"

"అవి మీ మొక్కలను తిన్నయి, నువ్వు వాటిని తిను. లెక్క సమానం."

ఒకటి నోట్లో వేసుకున్నాను. వేయించిన నువ్వుల రుచి. ఇంకొకటి అడగడానికి పరువు అడ్డొచ్చింది. అడగకుండానే గుప్పెడు పెట్టింది.

మరునాడు చేనుకు వెళ్లాము. పుట్ట నా ఎత్తుంది, వానకు తడిసి ఎర్రగా, మెత్తగా. పసుపు కుంకుమల మరకలు ఉన్నాయి. సోంబాయి చెవి ఆనించమంది. ఆనించాను. లోపల సన్నటి చప్పుడు. ఎండుటాకుల మీద చాలా దూరంలో వాన పడుతున్నట్టు. ఎంతసేపు అట్లా ఉన్నానో తెలియదు. లేచేసరికి బుగ్గకు మట్టి అంటింది. తుడుచుకోబుద్ధి కాలేదు.

రామచంద్రం కాస్త దూరంలో నిలబడి అన్నాడు. "ఊళ్లె బావి తవ్వినప్పుడు ఇసొంటి పుట్ట ఒకటి పలిగింది వదినె. లోపల తేనెపట్టు లెక్క బూడిద రంగుది ఉండె, దాని మీద తెల్లటి బూజు. అవి దాన్ని పెంచుకొని తింటయట. గా బూజుకెల్లే వానకాలం పుట్టకొక్కులు లేస్తయి, మనం వండుకునే తెల్ల గొడుగులు."

"అంటె వాటికి గూడ బూజు ఎవుసమేనా?"

"మనలెక్కనే. పొద్దంత పని." ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు.

చేనులో

సీసాల్లో కొన్ని నల్లబడి వాసన వచ్చాయి. వాటిని దూరంగా పాతిపెట్టాము. మిగిలినవి మొదట దూదిలాగా తెల్లబడ్డాయి. తర్వాత ఒక పొద్దున సుశీల గుమ్మి వెనక నుంచి కేక వేసింది. "అక్కా! పచ్చగయింది!" ఆ కేక నాగమణి పుట్టినప్పుడు మా అమ్మ వేసిన కేకలాగే ఉంది.

పొద్దుగూకే వేళ ముగ్గురం చేనుకు వెళ్లాము. పెంట ఎరువులో పచ్చ నూకలు కలిపాము. రామచంద్రం గడ్డపార తెచ్చాడు. సుశీల దాన్ని చూసి ఆగిపోయింది. ఆయన పుట్ట పక్క నుంచే నడిచి వెళ్లి, మొదటి మామిడి మొక్క దగ్గర కూర్చుని, గడ్డపార మొనతో వేళ్ల చుట్టూ మట్టి గుల్ల చేయడం మొదలుపెట్టాడు. నేను ఎరువు వేశాను. సుశీల బిందె వంచింది.

"సుశీలా," అన్నాడాయన తల ఎత్తకుండానే, "నీళ్లు జర మెల్లగ పొయ్యి. కొట్టుకపోతది."

"మెల్లగనే పోస్తున్న. నువ్వే చెయ్యి అడ్డం వెడుతున్నవ్."

నేను ఎరువు తట్ట ఎత్తుకుని తర్వాతి మొక్క దగ్గరికి పోయాను. వాళ్ల మధ్య మాటలు మోసే పని నాకు తప్పింది.

అమావాస్య దాటింది. పుట్ట మీద గడ్డపార మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పాత మట్టి తొడుగు గీరేసిన కాండాల మీద కొత్తది రాలేదు. ఒక మొక్క మొదట్లో ఆకు ఎత్తి చూస్తే ఒక చెదపురుగు కదలకుండా ఉంది, ఒంటి నిండా పచ్చటి నూగు. అన్నీ బతికాయని చెప్పను. వేరు తెగినవి ఎండిపోయాయి. వాటి గుంటల్లో రామచంద్రం కొత్త టెంకలు పెట్టాడు.

ఇంటికి

తిరుగు దారిలో ఘాట్ మీద మబ్బు లేదు. లోయంతా కనబడింది. అయినా ఎక్కేటప్పుడు చూసిన లోయే ఎక్కువ గుర్తుంది. ఆసిఫాబాద్ హోటలతను నన్ను గుర్తుపట్టి, "ఘాట్ దిగి వచ్చినవా అవ్వా?" అన్నాడు. చాయ్ ధర అదే. తాగాను.

శ్రావణంలో ఆ విత్తనాల మనిషే మళ్లీ వచ్చాడు. మా చెల్లె ఇచ్చిందని మోదుగాకుల పొట్లం చేతిలో పెట్టాడు. మామిళ్లకు ఎర్రటి చిగురు వచ్చిందట. నాగమణి పురుటికి పుట్టింటికి వచ్చిందట. పుట్ట చుట్టూ పుట్టకొక్కులు తట్టలకు తట్టలు లేచాయట. రామచంద్రమే తెంపి తెచ్చి, మొదటి విడత సోంబాయి ఇంటికి పంపాడట.

"ఇంకో మాట గూడ జెప్పుమన్నదవ్వా," అన్నాడు ఆ మనిషి నవ్వు ఆపుకుంటూ. "ఇయ్యి సగమే ఆరినయట. వీటినైతె ఎండకు పెట్టినా ఫికర్ లేదట."

పొట్లం విప్పాను. సన్నగా కోసిన కొక్కులు ఇంకా చెమ్మగానే ఉన్నాయి, ఆ చేను మట్టి వాసన వస్తోంది. బయట వాన వెలిసి ఎండ కాసింది. మంచం వాకిట్లోకి లాగాను.